ఓర్పు పాఠం ఎవరికి?

(రావివలసలో తల్లులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడిపిల్లల 'భావోద్వేగ ప్రజ్ఞ' గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ మాట వింటే నాకు మన పక్కనే ఉన్న ఉద్దానంలో కలిసిన ఎనిమిదో తరగతి అమ్మాయి గుర్తొస్తుంది. తండ్రికి కిడ్నీ జబ్బు. డయాలసిస్ ఉన్న రోజు తల్లి ఆయన్ని తీసుకుని పలాస వెళ్తుంది. వంట, నీళ్లు, తమ్ముణ్ణి తయారుచేయడం అన్నీ ఈ పిల్ల మీదే. బడికి ఆలస్యమైనప్పుడల్లా గుమ్మం బయట నిలబెట్టేవారు. ఒకరోజు ఎదురు మాట్లాడింది. తల్లిని పిలిపించారు. "ఏటి సెప్పమంటారమ్మా, ఈ గుంటకి కోపం ఎక్కువైపోనాది" అని ఆ తల్లి నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆలస్యం ఎందుకవుతోందని మాత్రం బళ్లో ఎవరూ అడగలేదు.

ప్రజ్ఞ లోపించింది ఎవరికి?

1990లో పీటర్ సలోవే, జాన్ మేయర్ ఈ భావనను నిర్వచించినప్పుడు, ఎదుటివారి ఉద్వేగాలను గుర్తించడాన్ని కూడా అందులో చేర్చారు. మన బళ్లకు వచ్చేసరికి అది 'కోపం అణచుకో' అనే నీతిపాఠంగా కుదించుకుపోతోంది. ఆడపిల్లకి ఆ పాఠం కొత్తదా? తమ్ముడి కోపం పౌరుషం, అక్క కోపం పొగరు అని ఊహ తెలిసినప్పటి నుంచీ వింటూనే ఉంది. విమాన పరిచారికల చిరునవ్వు వెనకున్న శ్రమను ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో వివరించారు. జీతం లేకుండా అలాంటి శ్రమే మన ఇళ్లలో ఆడపిల్లలు చేస్తున్నారు. అందరి మనసూ కనిపెట్టి మసలుకునే ఆ పిల్లకి ఇంకా ఏ ఓర్పు నేర్పుతాం?

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. పదిమందిలో అవమానించడం క్రమశిక్షణ ఎలా అవుతుంది?

ఉపాధ్యాయుల మీదున్న పనిభారం నాకు తెలుసు. అయినా మూడు పనులు అడుగుతున్నాను. ఆలస్యంగా వచ్చిన పిల్లని ముందు లోపలికి రానివ్వండి. కారణం తర్వాత ఒంటరిగా అడగండి. జబ్బు మనిషి ఉన్న ఇళ్ల పిల్లలెవరో తెలుసుకుని, తప్పిపోయిన పాఠం మళ్లీ చెప్పండి. తల్లులారా, మీరు కొడుకులకీ పొయ్యి దగ్గర పని అప్పజెప్పండి.

2023లో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. రోగిని చూడడానికి వైద్యులున్నారు. రోగి ఇంటి పిల్లని రోజూ చూసేది బడే. ఆమె కోపంలో ఆ ఇంటి సంగతంతా ఉంది. వినడం నేర్చుకోవలసింది మనం.