ఊపిరికీ ఒక కొలత కావాలి



మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బస్తీలలో "దమ్ము" అంటే తెలియని ఇల్లు లేదు. కట్టెల పొయ్యి పొగ, బీడీ, రైసుమిల్లు దుమ్ము, పాలమూరు లేబరుగా దూరదేశాలకు పోయి కొట్టిన రాళ్ల పొడి, అన్నీ చేరేది ఊపిరితిత్తులకే. అయినా దవాఖానకు పోతే బి.పి. చూస్తారు, షుగరు చూస్తారు. ఊపిరిని మాత్రం చెవితో విని మందు రాస్తారు.

మాకు తెలిసిన ఒక చాచా ఆరేళ్లు ఆస్తమా బిళ్లలు మింగారు. ఆస్తమాయే కదా, బీడీకి దీనికి ఏం సంబంధమని కాలుస్తూనే ఉన్నారు. చివరకు హైదరాబాదులో ఊదించి చూస్తే, అది పొగవల్ల శ్వాసనాళాలు ఇరుకైన సి.ఓ.పి.డి. అని తేలింది. ఆ ఆరేళ్లు ఎవరు తిరిగి ఇస్తారు?

ఈ పరీక్ష కొత్తదేం కాదు. 1846లోనే లండన్‌లో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు స్పైరోమీటరుతో రెండువేల మందికి పైగా ఊదించాడు. ఇప్పుడా యంత్రం చేతిలో ఇమిడిపోతుంది. కాబట్టి అడ్డు యంత్రం కాదు, దగ్గరుండి ఊదించే మనిషి లేకపోవడమని మా అభిప్రాయం. రోగి నిండా గాలి పీల్చి, ఒక్కసారిగా బలంగా వదిలి, ఆరు సెకన్ల దాకా ఊదుతూనే ఉండాలి. అట్లాంటి సరైన ఊదులు మూడు రావాలి. మధ్యలో ఆపితే జబ్బున్నా లేనట్టు కనబడవచ్చు. పక్కన నిలబడి "ఇంకా, ఇంకా, ఔర్, ఔర్" అని అరవాలన్నమాట! మన తల్లులకు పదిమందిలో బుగ్గలు పొంగించి ఊదడం సిగ్గు. తెర కట్టి, ఒక ఆడపిల్ల చేత చెప్పించాలి. ఎత్తు, వయసు లేనిదే యంత్రం పోల్చి చెప్పదు. ఆధార్‌లో మన పెద్దలు చాలామంది జనవరి 1నే పుట్టారు గనుక వయసు నిదానంగా అడగాలి.

శ్వాసనాళాలు తెరిచే మందు పీల్చిన తరువాత కూడా, మొదటి సెకనులో వచ్చిన గాలి మొత్తంలో నూటికి 70 పాళ్లకు తగ్గితే డాక్టరుకు సి.ఓ.పి.డి. అనుమానం బలపడుతుంది. ఆస్తమా వారు చవకైన పీక్‌ఫ్లో మీటరును ఇంట్లోనే పొద్దున, రాత్రి ఊది రాసుకోవచ్చు. సి.ఓ.పి.డి. తేల్చడానికి మాత్రం అది చాలదు. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు తెమడ పరీక్ష. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, కంటి ఆపరేషన్ అయినవారు డాక్టరు నడగనిదే ఊదరాదు.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మన పిల్లలు ఇద్దరికి అక్కడ ఊదించే పని నేర్పమని అడగబోతున్నాము. పేర్లు ఇవ్వండి, ఆడపిల్లల పేర్లు ముందు ఇవ్వండి.