లోబడమని ఎవరికి చెప్తున్నాం?



విదేశీ కాపురం అనగానే మనకు కారూ, ఇల్లూ, మంచులో దిగిన ఫోటోలూ గుర్తొస్తాయి. హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్ళిన భార్య బతుకు వేరు. అక్కడ ఉండే హక్కే భర్త వీసాతో ముడిపడి ఉంటుంది. 2015 దాకా ఆమె ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. ఆ ఏడాది వచ్చిన నిబంధన కూడా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత నడిచిన వాళ్ళకే వర్తిస్తుంది.

అలాంటి స్త్రీకి ఆదివారం తెలుగు ఆరాధన పెద్ద ఊరట. సొంత భాష వినిపించేదీ, బాలింతకు పత్యం వండిపెట్టే అక్క దొరికేదీ అక్కడే. దీన్ని మూఢభక్తి అని తోసేస్తే ఆమె మనకు అర్థం కాదు. అయితే దెబ్బలు తిని అక్కడికే వెళ్తే, "ప్రార్థన చెయ్యమ్మా, లోబడు" అన్న మాటే ఎదురుకావచ్చు. ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం 22వ వచనం భార్యల్ని లోబడమంటుంది. దాని ముందున్న 21వ వచనం అందర్నీ ఒకరికొకరు లోబడమంటుంది. ప్రసంగాల్లో రెండోది ఎన్నిసార్లు వింటున్నాం?

1869 నాటి విడాకుల చట్టం కింద క్రైస్తవ భార్యకు భర్త క్రూరత్వం ఒక్కటే రుజువైతే సరిపోయేది కాదు, వ్యభిచారమూ రుజువు చెయ్యాలి. భర్తకు మాత్రం భార్య వ్యభిచారం ఒక్కటే చాలు. 2001 సవరణతో ఈ తేడా పోయింది. అమెరికాలోనూ హింసకు గురైన హెచ్-4 భార్య తనంతట తాను పని అనుమతి అడగవచ్చు.

మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివే సంఘాలు ఈ సంగతులూ చెప్పాలి. వాళ్ళ స్త్రీల సమాజాలతో మనం కలిసి పనిచెయ్యాలి. పాస్‌పోర్టూ, వీసా కాగితాల నకళ్ళూ పెళ్ళికూతురి చేతిలోనే ఉండాలి. విశ్వాసం ఆమెది. దాన్ని సంకెల చేసే హక్కు ఎవరికీ లేదు.