సస్పెన్స్ కథ ఎక్కడ పుడుతుంది? మన మగ్గం వీధిలోనే!



కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల నుంచి ఇంతమంది నేత కుటుంబాలవాళ్లు చేరిన సభలో సస్పెన్స్ నవల గురించి మాట్లాడమన్నారు. "నూలు ధర, కూలి రేటు మాట్లాడాల్సిన చోట ఈ హత్యల కథలేంటి?" అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన మాటే. కానీ ఈ పాకెట్ నవలలను బతికించింది ఎవరు? మనలాంటి ఇళ్లే కదా. బస్టాండు కొట్టులో కొన్న పుస్తకం ఒక ఇంట్లో మొదలై, వీధి చివరి ఇంటికి చేరేసరికి అట్ట ఊడిపోయేది. కోయంబత్తూరు రాజేష్‌కుమార్ తమిళంలో 1500కు పైగా నవలలు రాశారంటే చదివేవాళ్లు ఉండబట్టే. తెలుగులో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ను, అసిస్టెంట్ రాజును చూసి ఎదిగిన తరం ఒకటి ఉంది. యండమూరి 'తులసిదళం' చదివి రాత్రి దీపం ఆర్పని ఇళ్లు ఎన్నో.

ముందు సస్పెన్స్ అంటే ఏంటో చూద్దాం. హాలీవుడ్ దర్శకుడు హిచ్‌కాక్ దీనికి బల్ల కింద బాంబును ఉదాహరణగా చెప్పేవాడు. మనకు గుంట మగ్గం చాలు. గుంటలో పాము దూరింది. చదివేవాళ్లకు తెలుసు, నేసేవాడికి తెలియదు. ఆయన నీళ్లు తాగి, పై గుడ్డ దులుపుకుని, కాళ్లు లోపల పెట్టడానికి వస్తున్నాడు. ఆ నాలుగు అడుగులే సస్పెన్స్. పాము కరిచాక ఉండేది బాధ మాత్రమే.

ఐడియా ఎక్కడి నుంచి వస్తుంది? ఉండాల్సింది లేనిచోట నుంచి, లేకూడనిది ఉన్నచోట నుంచి. ఆడే మగ్గం చప్పుడు ఎవరి చెవికీ పట్టదు. పట్టపగలు పదకొండు గంటలకు ఠక్కున ఆగితే వీధంతా తల తిప్పుతుంది. ఎందుకు ఆగింది? సగం నేసిన చీర వదిలి మనిషి ఎక్కడికి పోయాడు? ఈ రెండు ప్రశ్నలు దొరికాయంటే నవలకు మొదటి పోగు దొరికినట్టే.

దీనికి మన పక్కూరిలోనే గొప్ప ఉదాహరణ ఉంది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు, మనందరి కీ.రా. ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. 1976లో వచ్చిన ఆయన 'గోపల్ల గ్రామం'లో, ఒంటరిగా నడిచొచ్చిన నిండు గర్భిణిని చెరువు దగ్గర ఒక దొంగ చెవి నగ కోసం చంపేస్తాడు. చంపిందెవరో దాచలేదు. ఊరు అతన్ని ఏం చేస్తుంది అన్నదే మనల్ని కూర్చోబెడుతుంది. దాన్ని ఎవరూ సస్పెన్స్ నవల అనరు. అయినా పేజీ తిప్పించే విద్య అక్కడ నేర్చుకోవచ్చు. ఆంధ్ర దేశం నుంచి తెలుగువాళ్లు ఈ కరిసల్ నేలకు వలస వచ్చిన కథ అందులో ఉంది. అవ్వలు చెప్పే ముచ్చట్లే ఆయనకు ముడిసరుకు.

ఇక పరిశోధన. కథ 1980లో విరుదునగర్‌లో జరిగిందనుకోండి. "విరుదునగర్ జిల్లా ఎస్పీ వచ్చాడు" అని రాశామో, నవల అక్కడే పడిపోయింది. అప్పుడది రామనాథపురం జిల్లా. వేరు పడింది 1985లో. కోవిల్‌పట్టి కూడా 1986 దాకా తిరునల్వేలి జిల్లానే, తర్వాతే తూత్తుకుడి కిందికి వచ్చింది. హత్య కేసు అనగానే 302 అని రాసేస్తాం. 2024 జులై 1 తర్వాత జరిగిన హత్యకు అది చెల్లదు. భారతీయ న్యాయ సంహితలో 103వ సెక్షన్. విరుదునగర్ జంక్షన్‌లో పారిపోయే మనిషికి సాత్తూరు, కోవిల్‌పట్టి వైపు ఒక దారి, శివకాశి, రాజపాళయం మీదుగా తెన్‌కాశికి ఒక దారి, అరుప్పుకోట వైపు ఒక దారి, మదురైకి ఒక దారి. ఏ ఏట, ఏ వేళకు, ఏ బండి ఉందో టైంటేబుల్ చూడకుండా ఎక్కించకూడదు.

కోవిల్‌పట్టి ప్రాంతంవారే అయిన పూమణి గారు, 1895 కళుగుమలై గొడవలు, 1899 శివకాశి గొడవలు కూడా కలిపి, పాత రికార్డులు తవ్వి 'అఞ్ఞాడి' అనే పెద్ద నవల రాశారు. 2014లో దానికి సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. చెమట పట్టేది మగ్గం దగ్గరే కాదు, బీరువా కాగితాల దగ్గర కూడా.

రాయడం ఎలా? నేతలో ముందు పడుగు, తర్వాత పేక. పడుగు సరి చేయకుండా నాడె విసిరితే గుడ్డ రాదు. సస్పెన్స్‌లో పడుగు అంటే ముగింపు. చివర ఏం తేలుతుందో తెలుసుకున్నాకే మొదటి వాక్యం రాయాలి. ఆధారం చదివేవాళ్ల కళ్ల ముందే పెట్టాలి, కానీ మూడు మామూలు వస్తువుల మధ్య పెట్టాలి. చివర్లో ఎక్కడినుంచో కొత్త మనిషిని తెచ్చి "వీడే హంతకుడు" అంటే అది మోసం. రోజూ ఇంత నేత అని పెట్టుకున్నట్టే రోజూ ఇన్ని పేజీలు అని పెట్టుకోవాలి. మూడ్ కోసం మగ్గం ఆగదు కదా.

ఇప్పుడు అసలు సంగతి. మనది చిన్న సంఘం. వీధి పేరు చెబితే ఇల్లు తెలిసిపోతుంది, ఇంటిపేరు చెబితే మనిషి తెలిసిపోతాడు. అప్పుల్లో పడి ప్రాణం తీసుకున్న నేతగాడి కథను, పేరు మార్చేసి మసాలా కలిపి రాస్తే, వారం తిరక్కముందే అతని భార్య చేతికి ఆ పుస్తకం చేరుతుంది. పిల్లలు బడిలో మాట పడతారు. అందుకే మనకు ఒక కట్టుబాటు ఉండాలి. ప్రశ్న మాత్రం తీసుకుందాం, మనిషిని వదిలేద్దాం. పేరు ఒక్కటే కాదు, ఊరు, ఏడాది, పని, కారణం అన్నీ మార్చాలి. అన్నీ మార్చినా కథ నిలబడకపోతే అది మన కథ కాదు, వాళ్ల దుఃఖం. దాన్ని ముట్టుకోకూడదు.

చివరగా యువతకు ఒక మాట. కీ.రా. కరిసల్ తమిళ మాటలకు నిఘంటువే కూర్చారు. మన మగ్గం తెలుగుకు ఆ పని ఎవరు చేస్తారు? నాడె, కండె, పన్నె, పడుగు... మగ్గం అమ్మేసిన ఇంట్లో ముందు పోయేవి ఈ మాటలే. ఈ ఏడాది ప్రతి ఇంట్లో తాతను, అవ్వను కూర్చోబెట్టి యాభై మాటలు రాయండి. తెలుగు లిపి రాకపోతే తమిళ లిపిలోనే రాయండి, పర్వాలేదు. ఆ జాబితా నవల రాసేవాళ్లకూ ఆయుధమే. నేతగాడినని చెప్పుకుని వీధిలో దిగిన కొత్త మనిషి, నాడెకు తప్పు పేరు పలికాడు. పోలీసుకు అందని ఆ ఆధారం మన అవ్వ చెవికి అందుతుంది. ఆ నవల బయటివాళ్లు రాయలేరు. మన పిల్లలే రాయాలి.