దిద్దిన బొమ్మ

నేను సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకున్నవాణ్ణి. తప్పులు దొర్లితే మన్నించండి.

డర్బనులో 35 ఏళ్ళు బడిపంతులుగా పనిచేశాను. పక్కవాడి పుస్తకం చూచి వ్రాసిన పిల్లలకు సున్నా వేశాను. ఉద్యోగ విరమణ తర్వాత తైలవర్ణ చిత్రాలు నేర్చుకోబోతే మా చిత్రకళ గురువుగారు చెప్పిన మొదటి మాట, "ఒక పాత చిత్రం చూచి వేయండి" అని! నాకు నవ్వు వచ్చింది.

ఇటలీ చిత్రకారుడు సాస్సొఫెర్రాతో 1640-50 మధ్య వేసిన మేరీమాత ప్రార్థన చిత్రాన్ని ఎంచుకున్నాను. అది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. నా దగ్గర ఉన్నది అచ్చుబొమ్మ. ఎర్రని దుస్తు, నీలి పైవస్త్రం, తలపై తెల్లని ముసుగు, జోడించిన చేతులు, వాల్చిన కన్నులు. మాది క్రైస్తవ కుటుంబం కాదు. కాని ఆ వంచిన తల చూడగానే కొంగు కప్పుకొని దీపం ముందు నిలిచే మా అవ్వ జ్ఞాపకం వచ్చింది. 1860-1911 మధ్య చెరకు తోటల పనికి నేటాలు వచ్చినవారిలో మా తాత, అవ్వ ఉన్నారు. అవ్వ ఫొటో మాకు ఒక్కటీ లేదు.

అచ్చుబొమ్మ మీద, కాన్వాసు మీద గళ్ళు గీసి, గడి గడికీ గీతలు దించాను. గోధుమరంగుతో వెలుగునీడలు వేసి, ఆరిన తర్వాత రంగులు వేశాను. కింది పూతలో అవిసె నూనె తక్కువ, పై పూతలో ఎక్కువ ఉండాలి. తారుమారైతే పగుళ్ళు తప్పవు. ఆ చిత్రకారుడి కాలంలో మేలైన నీలం ఆఫ్ఘనిస్థాన్ నీలిరాళ్ళు నూరి చేసేవారు, చాల ఖరీదు. నాది ట్యూబులో దొరికే నీలమే.

ముసుగు తెల్లనిదే కదా అని తెలుపే పూశాను. సున్నం కొట్టిన గోడలా తేలింది! గురువుగారు బొమ్మను అద్దంలో చూపించారు. తప్పులన్నీ బయటపడ్డాయి. తెలుపులో ఎన్ని నీడలున్నాయో అప్పుడు కనిపించింది.

ముఖం దగ్గర మరో తప్పు చేశాను. మెల్లగా అవ్వ పోలికలు దించబోయాను. గురువుగారు కనిపెట్టి, "ముందు ఎదుట ఉన్నది చూడండి. మనసులో ఉన్నది తర్వాత" అన్నారు. గుడ్డతో తుడిచి మళ్ళీ మొదలుపెట్టాను. సాస్సొఫెర్రాతో కూడ రాఫేల్ వంటి పూర్వుల చిత్రాలు చూచి వేసినవాడే. ఈ మేరీమాతనూ ఎన్నోమార్లు వేశాడు.

తెలుగు తరగతిలో మొదటిరోజు మాస్టారు 'అ' వ్రాసి దిద్దమన్నారు. ఉన్న గీత మీద గీయడం దిద్దడం. తప్పు సరిచేయడమూ దిద్దడమే. చిన్నప్పుడు అవ్వ నా నొసట బొట్టు పెట్టడమూ దిద్దడమే. పిల్లలకు సున్నాలు వేసిన రోజుల్లో నాకీ మాట తెలియదు. చూచి వ్రాసి దాచడం తప్పు. చూచి వ్రాస్తున్నానని చెప్పి వ్రాయడం చదువే. అందుకే నా బొమ్మ కింద తెలుగులో, "సాస్సొఫెర్రాతో చిత్రం చూచి దిద్దినది" అని వ్రాశాను.

అవ్వ తెలుగులో పిలిస్తే నేను ఇంగ్లీషులో బదులిచ్చేవాణ్ణి. నేడు తెలుగులో బదులివ్వగలను, వినడానికి ఆమె లేదు. ఇంట్లో అవ్వాతాతలున్న పిల్లలారా, తప్పో ఒప్పో, తెలుగులోనే బదులివ్వండి. వారు దిద్దుతారు.

సెలవు.