బైబిలునందలి నామపరివర్తనములు
(కదిరిలో జరిగిన సంఘ వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



మన కులమునకు గౌరవప్రదమగు క్రొత్త నామము కావలయునను కోరిక మనలో పలువురకుఁ గలదు. పేరు మాఱుట యనఁగా నేమో తెలిసికొనుటకు బైబిలునందలి కొన్ని కథలు తోడ్పడును.

అబ్రామునకు తొంబదితొమ్మిదవ యేట దేవుఁడు అబ్రాహామను పేరిడెను. అనేకజనములకు తండ్రి యని దాని భావము. శారా యను క్రొత్త పేరు పొందిన యతని భార్యకు అప్పటికి సంతానమే లేదు. కాఁబట్టి యా పేరు గతమునకు బిరుదు కాదు. రాఁబోవు కాలమునకు ఒడంబడిక.

యాకోబు కథ మఱింత గంభీరము. చూపు తగ్గిన తండ్రి యెవరవని యడుగఁగా, తాను అన్నయగు ఏశావునని బొంకి ఆశీర్వాదము నపహరించెను. ఏండ్లు గడచినపిదప యబ్బోకు రేవుకడ తెల్లవాఱువఱకు పెనుఁగులాడి మరల ఆశీర్వాదము వేఁడఁగా, నీ పేరేమను ప్రశ్న వచ్చెను. ఈసారి యాకోబునని నిజము పలికెను. అప్పుడే ఇశ్రాయేలను నామము లభించెను. పాత పేరు నొప్పుకొనినవానికే క్రొత్త పేరు దక్కెను. మన దేవవ్రతుఁడును ఘోరప్రతిజ్ఞ చేసినపిదపనే భీష్ముఁడయ్యెను గదా!

బబులోనులో దానియేలునకు పరులు బెల్తెషాజరని పేరు పెట్టిరి. పేరు మాఱినను అతని నియమము మాఱలేదు.

మన సీమనే చూడుఁడు. 1800లో నిజాము కంపెనీవారికి ధారపోయుటచే నిది దత్తమండలము లనిపించుకొనెను. 1928లో నంద్యాల సభయందు చిలుకూరి నారాయణరావుగారు సూచింపఁగా రాయలసీమ యయ్యెను. అవమానము తొలఁగెను, కాని పేరుతో వాన కురియలేదు, చెరువు నిండలేదు. ఆ పాటు మనుష్యులకే మిగిలెను.

1917లో బెజవాడయందు, పంచములని పిలువఁబడినవారు భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతన తమ్ము ఆది ఆంధ్రులని చెప్పుకొనిరి. ఆ మహనీయుఁడు హైదరాబాదులో పాఠశాలలు నడపి తన మాటకు బలము చేకూర్చెను.

కావున నామపరివర్తన తీర్మానమును నేను కాదనను. దానికి రెండు వాక్యములు చేర్చుఁడని ప్రార్థించుచున్నాను. వరకట్నమును, ఇతరులను తక్కువగాఁ జూచుటయు మన దోషములని యొప్పుకొందము. ప్రతి యింటి బాలికను చదివింతుమని ప్రతిన పూనుదము. అట్లు చేసినచో పేరు మనలను వెదకికొనుచు వచ్చును.