కొండ కింద కొలువు

జపాన్‌లో ఉద్యోగం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది టోక్యో. మన తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలూ ఎక్కువగా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. ఇవాళ ఆ నగరం వదిలి ఉత్తర ఆల్ప్స్ కొండల కిందికి వెళదాం. అక్కడ, నగానో ప్రాంతంలో, హకుబా అని ఒక ఊరుంది. జనాభా 9,000 దరిదాపు. టోక్యోలో బుల్లెట్ రైలెక్కితే గంటన్నరలో నగానో నగరం, అక్కడ బస్సెక్కితే గంట పైచిలుకు ప్రయాణం.

బస్సు దిగి పడమర చూస్తే అన్నీ కొండలే. వాటిలో పెద్దది షిరోఉమా, 2,932 మీటర్లు. చలికాలంలో సైబీరియా నుంచి బయల్దేరిన పొడి గాలి, వెచ్చని నీటి ప్రవాహమున్న జపాన్ సముద్రం దాటుతూ తేమ తాగుతుంది. ఆ తేమంతా ఈ కొండలకు తగిలి మంచై రాలుతుంది. ఒక్క రాత్రిలో మోకాలి లోతు పడినా ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోరు.

ఆ మంచు రోజులు ఒకప్పుడు ఇక్కడి రైతుకు కష్టకాలం. నెలల తరబడి పొలం కంటికి కనపడదు. వసంతంలో మంచు కరిగేకొద్దీ కొండ మీద నల్లరాయి బయటపడి గుర్రం ఆకారం తేలుతుంది. అది కనిపిస్తే దమ్ము చేసే రోజులు వచ్చాయని లెక్క. అలాంటి రైతుల దగ్గరికి కొండలెక్కేవాళ్లు రాసాగారు. వాల్టర్ వెస్టన్ అనే ఇంగ్లిష్ మతబోధకుడు 1894లో షిరోఉమా ఎక్కాడు. కొండకు వచ్చినవాళ్లకు రైతులే దారి చూపారు, మూటలు మోశారు, తమ ఇళ్లలోనే పడకేసి అన్నం పెట్టారు. 1937లో ఈ ఊళ్లోని హొసోనో అనే పేటలో అలాంటి ఇళ్లకు ప్రభుత్వ అనుమతి దొరికింది. జపాన్‌లో ఎక్కడికి వెళ్లినా కనిపించే మిన్షుకు అనే ఇంటి బసలకు పుట్టిల్లు తమదేనని హకుబావాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఈ ఊళ్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఆట వేరు, పొట్టకూడు వేరు అని ఇక్కడ ఎప్పుడూ అనుకోలేదు.

1998 శీతాకాల ఒలింపిక్స్ నగానోలో జరిగాయి. పదహారేళ్ల శివ కేశవన్ మన దేశం తరఫున ఒక్కడే వచ్చి లూజ్ అనే మంచుబండి పోటీలో దిగింది ఆ ఒలింపిక్స్‌లోనే. స్కీ జంపింగ్ మాత్రం హకుబాలో పెట్టారు. ఫిబ్రవరి 17న జట్టు పోటీ. విపరీతంగా మంచు కురుస్తోంది. మొదటి విడతలో జపాన్ జంపర్ హరదా మసాహికో 79.5 మీటర్ల దగ్గరే దిగిపోయాడు, జపాన్ నాలుగో స్థానానికి పడింది. పోటీ ఆపేస్తే ఆ ఫలితమే ఖాయం. అప్పుడు వాలు సురక్షితమో కాదో తేల్చడానికి 25 మంది పరీక్షా జంపర్లు ఒకరి వెనక ఒకరు ఆ మంచులోకి దూకారు. వాళ్లకు పతకం రాదు, మార్కులు ఉండవు. నాలుగేళ్ల క్రితం హరదాతో కలిసి ఒలింపిక్ రజతం గెలిచి, ఈసారి జట్టులో చోటు దొరకని నిషికతా జిన్యా కూడా వాళ్లలో ఉన్నాడు. అందరూ క్షేమంగా దిగారు, రెండో విడత జరిగింది. హరదా 137 మీటర్లు దూకాడు, జపాన్‌కు స్వర్ణం వచ్చింది. ఆ జంప్ గోపురాలు ఇప్పటికీ ఉన్నాయి, లిఫ్ట్ ఎక్కి పైనుంచి కిందికి చూడవచ్చు. చూస్తే ఆ 25 మందికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇక పని సంగతి. స్కీ ఆటకు జనం వచ్చే ఈ ఊళ్లో లాడ్జీల్లో, వంటగదుల్లో, లిఫ్టుల దగ్గర శీతాకాలమంతా మనుషులు కావాలి. ఆస్ట్రేలియా, యూరప్ కుర్రకారు వర్కింగ్ హాలిడే వీసా మీద వస్తారు. ఆ వీసా భారతీయులకు లేదు. మనకున్న దారుల్లో ఒకటి 2019లో మొదలైన ప్రత్యేక నైపుణ్య వీసా. హోటల్ పని కూడా దాని కిందికి వస్తుంది. ఆ పనికి నైపుణ్య పరీక్షతో పాటు జపనీస్ భాషా పరీక్షలో కనీసం ఎన్4 స్థాయి ఉండాలి. భాషను తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. కొండ మీద హెచ్చరిక వినిపించేది ఆ భాషలోనే.

అద్దెలు బాగా పెరిగాయి. యజమాని గది ఇస్తాడో లేదో ముందే అడిగి తెలుసుకోండి. పొద్దున వాకిట్లో మంచు తవ్వుకోవాలి, చెత్త రకాల వారీగా వేరు చేయాలి. శిఖరాలకు వెళ్లేముందు దారి, తేదీలు, పేర్లు రాసిన కాగితం ఇవ్వాలి, నగానోలో ముఖ్యమైన కొండదారులకు అది తప్పనిసరి. స్కీ కేంద్రం హద్దు దాటి వెళ్లేవాళ్లు మంచులో కూరుకుపోతే ఆచూకీ తెలిపే బీకన్, పార, పొడవాటి గుచ్చుకర్ర లేకుండా కదలకూడదు. 2023 జనవరిలో పక్కనే ఉన్న ఒతారి గ్రామం కొండ మీద మంచుచరియ విరుచుకుపడి ఇద్దరు విదేశీ స్కీయర్లు చనిపోయారు. వాళ్లలో ఒకరు స్కీయింగ్‌లో ప్రపంచ విజేత. అంతటి నేర్పరిని కూడా ఆ కొండ వదల్లేదు.

2014 నవంబర్ 22 రాత్రి భూకంపం వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఎన్నో ఇళ్లు కూలాయి, ఒక్క ప్రాణమూ పోలేదు. ఎవరు ఏ గదిలో పడుకుంటారో ఇరుగుపొరుగుకు తెలుసు, తిన్నగా అక్కడే తవ్వి బయటికి లాగారు. అందుకే వచ్చిన వారంలోనే పొరుగింటికి వెళ్లి మీ పేరు చెప్పుకోండి.

వేసవిలో ఈ ఊరి స్కీ కొండల్లోనే ఆటలు: ఇవతాకెలో కొండ సైకిళ్లు, హప్పో వాలు మీంచి పారాగ్లైడింగ్. ఏమీ రాకపోయినా పర్లేదు, లిఫ్టెక్కి, ఆపైన కాలినడకన 2,060 మీటర్ల ఎత్తులోని హప్పో చెరువు దాకా వెళ్లవచ్చు. గాలి లేని పూట శిఖరాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి.

జపాన్‌లో 2016 నుంచి ఆగస్టు 11 కొండల పండగ, దేశానికంతా సెలవు. హకుబా లాడ్జీ పనివాళ్లకు మాత్రం ఆ రోజు ఊపిరి సలపదు. వాళ్లకు సెలవు ఏ మంగళవారమో దొరుకుతుంది. మామూలు రోజుల్లోనూ పొద్దున ఫలహారాలు పెట్టి, గదులు ఊడ్చి, రాత్రి భోజనాల వేళకు తిరిగి వచ్చే లోపు మధ్యలో కొన్ని గంటలు ఖాళీ ఉంటుంది. అతిథులంతా ఊళ్లకు వెళ్లిపోయిన మంగళవారం, లిఫ్ట్ దగ్గర వరుస ఉండదు, వాలంతా వాళ్లదే.