లీకయ్యే విమానం రికార్డు ఎలా కొట్టింది? | ఎస్‌ఆర్-71 బ్లాక్‌బర్డ్



ఒక విమానం టేకాఫ్‌కి రెడీగా ఉంది. దాని కింద నేల మీద ఫ్యూయల్ చుక్కలు చుక్కలుగా కారుతోంది. మామూలు విమానమైతే ఫ్లైట్ క్యాన్సిల్. ఇక్కడ మాత్రం నిమిషానికి ఎన్ని చుక్కలు పడుతున్నాయో లెక్కపెడతారు. లిమిట్ లోపల ఉంటే ఓకే, వెళ్లొచ్చు!

అదే ఎస్‌ఆర్-71 బ్లాక్‌బర్డ్. అమెరికా నిఘా విమానం. 1976 జులై 28న గంటకి 3,529 కిలోమీటర్ల స్పీడ్ అందుకుంది. అంటే సెకనుకి దాదాపు ఒక కిలోమీటర్. మనిషి నడిపే జెట్ విమానాల్లో ఆ అఫీషియల్ రికార్డు ఇప్పటికీ దానిదే.

మరి ఇంత గొప్ప విమానం లీకవడం ఏంటి? ఇవాళ మాట్లాడుకునేది అదే. చాలామంది దీని సీక్రెట్ అంతా ఇంజిన్ పవర్ అనుకుంటారు. కాదు. అసలు యుద్ధం రెండింటితో: వేడి, గాలి.

ముందు ఇది ఎందుకు పుట్టిందో రెండు ముక్కల్లో చెప్తా. అంతకుముందు అమెరికా దగ్గర యూ-2 ఉండేది. 70 వేల అడుగుల ఎత్తులో ఎగిరేది, కానీ స్లో. 1960 మే 1న సోవియట్ మిసైల్ దాన్ని కూల్చేసింది, పైలట్ గ్యారీ పవర్స్ దొరికిపోయాడు. ఎత్తు ఒక్కటే కాపాడదని తేలిపోయింది. అప్పటికే లాక్‌హీడ్ కంపెనీ స్కంక్ వర్క్స్‌లో కెల్లీ జాన్సన్ టీమ్ ఎత్తు, స్పీడ్ రెండూ ఉన్న డిజైన్ మీద పని చేస్తోంది. ఆ ఫ్యామిలీలోంచే ఎస్‌ఆర్-71 వచ్చింది. ఫస్ట్ ఫ్లైట్ 1964 డిసెంబర్ 22.

ఇప్పుడు మొదటి శత్రువు, వేడి.

సైకిల్ పంపు గట్టిగా కొట్టినప్పుడు కింద వేడెక్కుతుంది కదా? గాలిని ఒక్కసారిగా నొక్కితే అంతే. బ్లాక్‌బర్డ్ ధ్వని కంటే మూడు రెట్లకి పైగా స్పీడ్‌లో వెళ్తుంటే ముందున్న గాలికి పక్కకి తప్పుకునే టైమే ఉండదు, నలిగిపోతుంది. బయట మైనస్ 55 డిగ్రీల చలి ఉన్నా, విమానం పైపొర 300 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ వేడికి మామూలు అల్యూమినియం బలం పోతుంది. అందుకే టైటానియం. తమాషా ఏంటంటే, ఆ టైటానియంలో చాలా భాగం మధ్యలో వేరే కంపెనీలు పెట్టి సోవియట్ యూనియన్ నుంచే కొన్నారు. ఎవరి మీద నిఘా పెట్టాలో వాళ్ల దగ్గరే!

టైటానియంతో పని చేయడం నరకం. ఎండాకాలంలో వెల్డ్ చేసిన భాగాలు త్వరగా పాడైపోతున్నాయి, చలికాలంలో చేసినవి బాగుంటున్నాయి. మనుషులు వాళ్లే, మెషీన్లు అవే. తవ్వితే తేలిందేంటంటే, ఎండాకాలంలో ఊరి నీళ్లలో క్లోరిన్ ఎక్కువ కలుపుతున్నారు. భాగాలు కడిగేది ఆ నీళ్లతోనే. డిస్టిల్డ్ వాటర్‌కి మారారు, ప్రాబ్లమ్ సాల్వ్. డీబగ్గింగ్ అంటే ఇదీ!

ఇదే వేడికి సోవియట్ వాళ్ల జవాబు వేరు. వాళ్ల మిగ్-25ని ఎక్కువగా స్టీల్‌తో కట్టారు. బరువు పెరిగినా పని సులువు. మన ఎయిర్‌ఫోర్స్ కూడా 1981 నుంచి 2006 దాకా బరేలీ నుంచి నిఘాకి మిగ్-25నే వాడింది.

సరే, లీక్ సంగతికొద్దాం. బ్లాక్‌బర్డ్‌లో ఫ్యూయల్‌కి వేరే ట్యాంకు సంచులు లేవు. రెక్కలు, బాడీ... వాటి పైపొరే ట్యాంకు గోడ. అతుకుల్లో పూసిన సీలెంట్ ప్రతి ఫ్లైట్‌లో వేడెక్కి, మళ్లీ చల్లబడి పగుళ్లిస్తుంది. అంత వేడిని ఎప్పటికీ తట్టుకునే సీలెంట్ దొరకలేదు. అందుకే కొంత లీక్‌ని ఒప్పుకున్నారు. వాడే జేపీ-7 ఫ్యూయల్ అగ్గిపుల్ల వేసినా అంత ఈజీగా అంటుకోదు కాబట్టి అది కుదిరింది. అంతేకాదు, ఆ ఫ్యూయల్‌నే కాక్‌పిట్ వేడి, ఆయిల్ వేడి లాగేసే కూలెంట్‌గా తిప్పి, తర్వాత ఇంజిన్‌లో మండించేవాళ్లు.

రీల్స్‌లో "లీకవుతుంది కాబట్టే టేకాఫ్ అవగానే గాల్లో ఫ్యూయల్ నింపుతారు" అంటుంటారు. ముఖ్య కారణం అది కాదు. తక్కువ బరువుతో లేస్తే టైర్లు, బ్రేకుల మీద భారం తగ్గుతుంది. ఒక ఇంజిన్ పోయినా బతికే ఛాన్స్ ఉంటుంది. నింపడం పైకెళ్లాక.

ఇక రెండో శత్రువు, గాలి.

జెట్ ఇంజిన్ సూపర్‌సానిక్ గాలిని నేరుగా మింగలేదు. అందుకే ఇంజిన్ ముందు పెద్ద కోన్ లాంటి స్పైక్ ఉంటుంది. స్పీడ్ పెరిగేకొద్దీ అది 26 అంగుళాల దాకా వెనక్కి జరిగి, షాక్ వేవ్‌ని సరైన చోట నిలబెడుతుంది. గాలి నెమ్మదించి, ప్రెజర్ విపరీతంగా పెరుగుతుంది. ఫుల్ స్పీడ్‌లో విమానాన్ని ముందుకి నెట్టే బలంలో సగానికి పైగా ఈ ఇన్‌లెట్ దగ్గర నుంచే వస్తుంది!

కానీ షాక్ వేవ్ ఆ చోటు తప్పి బయటికొచ్చిందో, ఆ వైపు థ్రస్ట్ ఒక్క క్షణంలో మాయం. దీన్ని అన్‌స్టార్ట్ అంటారు.

1966 జనవరి 25. టెస్ట్ పైలట్ బిల్ వీవర్, వెనక సీట్లో జిమ్ జ్వేయర్. 78,800 అడుగుల ఎత్తు, మాక్ 3.18. మలుపు తిరుగుతుండగా కుడి ఇంజిన్ అన్‌స్టార్ట్ అయింది. కొన్ని సెకన్లలో విమానం గాల్లోనే ముక్కలైపోయింది. వీవర్ ఇజెక్ట్ కూడా కాలేదు, విమానమే అతని చుట్టూ విడిపోయింది. ప్రెజర్ సూట్ కాపాడింది, పారాచ్యూట్ దానంతటదే తెరుచుకుంది. స్పృహ వచ్చేసరికి కిందికి దిగుతున్నాడు. న్యూ మెక్సికోలో ఒక పశువుల రాంచ్‌లో పడ్డాడు. జ్వేయర్ మాత్రం బతకలేదు. విమానం విడిపోయేటప్పుడే మెడ విరిగింది. రెండు వారాల్లో వీవర్ మళ్లీ బ్లాక్‌బర్డ్ ఎక్కాడు.

1980లలో డిజిటల్ కంప్యూటర్ కంట్రోల్ వచ్చాక ఈ అన్‌స్టార్ట్‌లు బాగా తగ్గాయి. మనిషి చెయ్యి కంటే వేగంగా స్పైక్‌ని సర్దడం కంప్యూటర్‌కే సాధ్యం.

మొత్తం 32 ఎస్‌ఆర్-71లు కట్టారు. ప్రమాదాల్లో 12 పోయాయి. శత్రువు కూల్చింది? ఒక్కటీ లేదు.

మరి ఎందుకు ఆపేశారు? మిసైల్ వల్ల కాదు, ఖర్చు వల్ల. పైగా ఫోటోలు చూడాలంటే విమానం దిగాలి, ఫిల్మ్ కడగాలి. పై నుంచి అప్పటికప్పుడు పంపే శాటిలైట్లు వచ్చాక, ఎంత స్పీడ్ ఉన్నా ఆ ఆలస్యాన్ని దాటలేకపోయింది. ప్రపంచంలోనే ఫాస్ట్ విమానం, డేటా పంపడంలో స్లో అయిపోయింది.

నాకు దీన్లో నచ్చేది రికార్డు కంటే ఆ చుక్కల లెక్క. పర్ఫెక్ట్ సొల్యూషన్ దొరకనప్పుడు వాళ్లు ఆగిపోలేదు, దాచిపెట్టనూ లేదు. ఎంత వరకు ఓకేనో కొలిచి, రాసిపెట్టుకుని, ఎగిరారు.

మీరైతే ఆ విమానం ఎక్కేవాళ్లా? కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!